ఒకటి అడగనా

ఆదివారం కూడా పనికి రావడం మీకు సమ్మతమేనా అని డైరెక్టరు అడిగితే గదిలో ఉన్నవాళ్ళందరూ సమ్మతమేనన్నారు. అందరి మణికట్లకూ పట్టీలున్నాయి. ఒక్కటి కూడా వెచ్చబడలేదు.

"మూర్తిగారిది చూడండి, ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది," అంటూ జోసెఫ్ భానుమూర్తి చెయ్యి పట్టుకుని పక్కవాళ్ళకు తాకించాడు.

ముందు నవ్వింది డైరెక్టరే. తరువాత జోసెఫ్ తన టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి, "ఇందులో సగం మీకు పెట్టడం నాకు మనస్ఫూర్తిగా ఇష్టం," అన్నాడు. అతని పట్టీ కూడా చల్లగానే ఉండిపోయింది. "రొయ్యల వేపుడండీ. పట్టీ తప్పేం లేదు," అని మూత పెట్టేశాడు.

సమ్మతి పట్టీ పుట్టిన రోజుల్లో మధురవాడలోని ఆ ప్రయోగశాల అలా ఉండేది. మనిషి నిజంగా ఒప్పుకున్నప్పుడు నోరు సరే అనడానికి రెప్పపాటు ముందే ఒళ్ళు సడలుతుంది. భయపడో మొహమాటపడో సరే అన్నప్పుడు సడలదు. ఆ తేడాను నాడిలోంచీ అరచేతి చెమటలోంచీ పట్టుకోవడమే భానుమూర్తి ఏళ్ళ తరబడి చేసిన పని. ఒప్పుకోలు నిజమైతే పట్టీ వెచ్చబడుతుంది. అబద్ధమైతే చల్లగా ఉంటుంది. అంతకు మించి అది ఏమీ చెప్పదు.

అదే సంవత్సరం వ్యక్తిగత సమాచారం మీద కొత్త నిబంధనలు వచ్చాయి. ఎవరి వివరం ఎవరి దగ్గరున్నా, అది ఫొటో అయినా గొంతు అయినా, ఆ మనిషిని మళ్ళీ అడిగి ఉంచుకోవాలి. ఒప్పుకోకపోతే చెరిపెయ్యాలి. చనిపోయిన పిల్లల తరఫున తల్లి చెప్పాలి. ఒప్పుకోలుకు వేలిముద్రలూ అంకెలూ చాలవు, పట్టీ వెచ్చబడాలి. ఒప్పుకున్న ప్రతి గొంతులోనూ చెవికి వినబడని గుర్తు ఒకటి కలిపే పద్ధతి జోసెఫ్ కనిపెట్టాడు. ఒప్పుకోలు ఉన్నంతకాలం ఆ గొంతు ఏ యంత్రంలోనైనా పలుకుతుంది. వెనక్కి తీసుకున్న క్షణాన దాని నకళ్ళన్నీ, ప్రపంచంలో ఎక్కడున్నా, మూగబోతాయి. ఎవరూ బెదిరించి వెనక్కి తీయించకుండా, అప్పుడూ పట్టీ వెచ్చబడి తీరాలని పట్టుబట్టింది భానుమూర్తే.

ఆ నిబంధన రాయించినప్పుడు అతని కూతురు పోయి ఒక వానాకాలం గడిచింది.

ఆ పిల్ల పేరు ఉత్పల. ఇంట్లో ఉప్పి. మెదడు జ్వరం వచ్చి, బడికి కొన్న కొత్త చెప్పులు ఇంకా కరుస్తూ ఉండగానే వెళ్ళిపోయింది. ఎంవీపీ కాలనీలోని వాళ్ళ ఫ్లాటులో ఫ్రిజ్ మీద చిన్న పలుకుపెట్టె ఒకటి ఉండేది. పాట పెట్టమంటే పెడుతుంది, ప్రశ్న వేస్తే జవాబు చెబుతుంది. ఉప్పి దానితో రోజూ మాట్లాడేది. ఆ మాటలన్నీ పెట్టె అమ్మినవాళ్ళ దగ్గర ఉన్నాయి. ఉప్పి పోయాక, సాయంత్రం కూర తరుగుతూ ఆమె తల్లి హైమవతి "ఉప్పి మాటలు పెట్టు" అనేది. పెట్టె ఏదో ఒకటి ఏరి వినిపించేది. తప్పులతో అప్పజెప్పిన ఎక్కాలు. పీతలు నిద్రపోతాయా అన్న ప్రశ్న. భానుమూర్తి ఆ సమయానికి ఇంటికి రాకుండా చూసుకునేవాడు. హైమ ఆ సమయానికి ఇంకెక్కడికీ వెళ్ళకుండా చూసుకునేది. ఇద్దరూ ఈ ఏర్పాటు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నిబంధనలు అమలయ్యే నెలలో ఫోన్ల నిండా నోటీసులే. పాలవాళ్ళు, గ్యాసువాళ్ళు, జాకెట్లు కుట్టే షాపు, ఉప్పి చదివిన బడి, అందరూ ఒప్పుకోలు అడిగేవారు. ఎవరో ఎక్కడో కూర్చుని యంత్రంతో రాయించిన ఆ తెలుగు ఎవరికీ అర్థమయ్యేది కాదు. పెట్టెవాళ్ళ అసలు నోటీసు కూడా అలాంటిదే. హైమ రెండు పంక్తులు చదివి పక్కన పెట్టేసింది.

తరువాత ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"అమ్మా, పెట్టెవాళ్ళ తరఫున మాట్లాడుతున్నాను, నా పేరు మాధవి," అంది అవతలి అమ్మాయి. తొందరపడని గొంతు. "కొత్త రూల్స్ ప్రకారం పోయినవాళ్ళ గొంతులు నెలాఖరుకి చెరిపేస్తారమ్మా. మీ పాపది భద్రపరిచే చోటికి మార్చాలంటే మీరు ఒప్పుకోవాలి. నోటీసు పంపామండి, అర్థమై ఉండదు. అందుకే చేశాను."

"అర్థం కాలేదు," అంది హైమ.

"ఎవరికీ కావట్లేదండి. పోనీలెండి అది. పాప ఏం మాట్లాడేదమ్మా పెట్టెతో?"

ఉప్పి పోయాక ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చూడటానికి వచ్చినవాళ్ళు ఎలా పోయిందని అడిగారు, ఏ ఆసుపత్రి అని అడిగారు. ఏం మాట్లాడేదని అడగలేదు. హైమ స్టవ్ ఆపి కూర్చుని చెప్పింది. పీతల గురించి చెప్పింది. అవతలి అమ్మాయి నవ్వవలసిన చోట నవ్వింది, ఊరుకోవలసిన చోట ఊరుకుంది. చివర్న ఒప్పుకుంటారా అమ్మా అని అడిగేసరికి, హైమ సరే అనకముందే మణికట్టు వెచ్చబడింది.

ఆ సాయంత్రం భర్త చెప్పులు విప్పుతుండగానే ఆ సంగతి చెప్పింది.

"ఎవరో ఏమిటో కనుక్కున్నావా?" అన్నాడు భానుమూర్తి.

"పట్టీ వెచ్చబడిందండీ. అంత బాగా ఎప్పుడూ వెచ్చబడలేదు."

"అయితే భయం లేదు," అన్నాడతను.

వేరే ఇంట్లో అయితే ఈ పొరపాటు జరిగేది కాదేమో. వేరే ఇంట్లో పట్టీ అంటే కరెంటు మీటరులాంటి వస్తువు. ఈ ఇంట్లో దాని మీద నమ్మకం ఉండేది. పట్టీ హైమ మనసును చదివింది, సరిగ్గానే చదివింది. అడుగుతున్నది ఎవరో చూడటం దాని పని కాదు. తన మనసు నిజమని తేలగానే ఎదుటి మనిషీ నిజమనుకుంది హైమ. దాన్ని తయారుచేసినవాడు కూడా ఆ సాయంత్రం అలాగే అనుకున్నాడు.

*

కొన్నాళ్ళకు ప్రయోగశాలకు పోలీసుల నుంచి ఫిర్యాదులు రావడం మొదలైంది. దొంగలు అడిగినా పట్టీలు వెచ్చబడుతున్నాయి. జనం ఇంటి కాగితాలు, బ్యాంకు ఖాతాలు, వైద్యుల చీటీలు అన్నీ మనస్ఫూర్తిగా అప్పజెప్పేస్తున్నారు. కొత్త నిబంధన ప్రకారం మీ ఒప్పుకోలు కావాలని అడిగితే చాలు. నిబంధన నిజమే కాబట్టి ఎవరికీ అనుమానం రావడం లేదు. పట్టీలో లోపముందేమో చూడమని ఎస్సై ఒకతను ఒక ఫోను సంభాషణలోని ముక్కను తెచ్చి ఇచ్చాడు.

"లోపం పట్టీలో లేదు సార్," అన్నాడు జోసెఫ్, పరీక్షలు చేశాక. "మగ గొంతుతో అడిగితే వందలో పదిమందికి కూడా వెచ్చబడట్లేదు. ఆడ గొంతుకి కొంచెం నయం. ఈ ఒక్క గొంతు మాత్రం... ఎవరిదో చిన్నపిల్లది. దొంగలు దాంతో కొత్త మాటలు పలికిస్తున్నారు. ఇది అడిగితే రాళ్ళు కూడా వెచ్చబడతాయి. మీరూ వినండి."

భానుమూర్తి చెవులకు తగిలించుకున్నాడు.

"మీ వివరాలు మా దగ్గర భద్రంగా ఉంటాయి. మీకు ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు చెప్పండి. ఇప్పుడు ఒప్పుకుంటారా?"

ఉప్పి. భద్రం అన్న మాట ఆ పిల్ల బతికుండగా ఎప్పుడూ పలికి ఉండదు. ఇప్పుడు పలుకుతోంది.

 జోసెఫ్ ఏదో అడుగుతూ అతని చెయ్యి పట్టుకుని, టక్కున వదిలేశాడు. భానుమూర్తి పట్టీ వెచ్చగా ఉంది.

"మా అమ్మాయి," అన్నాడు భానుమూర్తి.

జోసెఫ్ ఆ తరువాత ఏ హాస్యమూ ఆడలేదు. గుర్తు కలిపే యంత్రం తెరిచి చూసి, తల్లి ఒప్పుకోలుతోనే గొంతు బయటికి వెళ్ళిందని తేల్చాడు. ఎస్సై చట్టం చూశాడు. "మోసమని కేసు కట్టొచ్చు సార్, కానీ ఒప్పుకోలు చెల్లదనడానికి లేదు. పట్టీ వెచ్చబడిందని రికార్డులో ఉంది. పట్టీ మీరు చేసిందే కదండీ," అన్నాడు, నొప్పించాలని కాదు. "మేడంగారు వెనక్కి తీసేసుకుంటే ఆ గొంతు ఆ నిమిషంలోనే ఆగిపోతుంది. పోయినవి రావు గానీ, కొత్తగా ఎవరివీ పోవు."

"ఇంట్లో ఉన్నది?" అని అడిగాడు భానుమూర్తి, జవాబు తెలిసి కూడా.

జోసెఫ్ నేల చూస్తూ, "గుర్తు ఒక్కటే కదండీ," అన్నాడు.

*

హైమ ఏడవలేదు. చెప్పినదంతా విని, చేతులు కడుక్కుని వచ్చి, పట్టీ సరిచేసుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"ఏమనాలి?"

"నా కూతురు ఉత్పల గొంతు మీద ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను. అంతే."

ఆమె ఆ మాటలు తడబడకుండా చెప్పింది. పట్టీ చల్లగానే ఉంది. మళ్ళీ చెప్పింది. మర్నాడు చెప్పింది. దేవుడి ముందు కూర్చుని చెప్పింది. ఆ వారమంతా దినపత్రికల్లో మోసపోయినవాళ్ళ కథలు వస్తూనే ఉన్నాయి. ఒక ముసలాయన పింఛను, ఒక నర్సు పెళ్ళికని దాచుకున్న బంగారం. ఆ పేజీ ఎదురుగా పెట్టుకుని కూడా చెప్పింది. చల్లగానే ఉంది.

"మీ పట్టీ పాడైందేమో చూడండి," అంది.

చూశాడు. పాడవలేదు. ఆ మాట ఆమెకు చెప్పడానికి అతనికి రెండు రోజులు పట్టింది.

ఈలోగా అతను మరో పని కూడా చేశాడు. ఈ కాలపు ఏ యంత్రంలోకి ఉప్పి మాటలు ఎక్కించుకున్నా గుర్తు కూడా వాటితోపాటే వెళ్ళి, అవీ మూగబోతాయి గనక, పూర్ణా మార్కెట్టు వెనక పాత సామాన్ల కొట్లలో టేపు రికార్డరు కోసం తిరిగాడు. ఒకటి దొరికింది. లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉంది. ఇలాంటి బెల్టులు ఇప్పుడెవరూ చెయ్యడం లేదని కొట్టువాడు చెప్పాడు. భానుమూర్తి అయినా దాన్ని కొని, ఇంటికి తీసుకురాలేక, ప్రయోగశాలలో తన బీరువాలో పెట్టాడు.

అతను మనసుల గురించి చదువుకున్నవాడు. దుఃఖం ఒక వస్తువును పట్టుకుని ఉంటుందని, ఆ వస్తువును లాగేస్తే వేళ్ళు ఇంకా బిగుసుకుంటాయని చాలా ఏళ్ళు చాలామందికి పాఠం చెప్పాడు. ఇంట్లో మాత్రం హైమను గమనించడానికి ఆ పాఠమేమీ అక్కరలేకపోయింది. ఆమె ఇప్పుడు ఫోనును స్నానాల గది దాకా తీసుకెళుతోంది. తెలియని నంబరు మోగితే రెండో రింగు కాకముందే తీస్తోంది.

"ఎవరు?" అన్నాడొకసారి.

"ఎవరో. లోను కావాలా అని."

"అవి తియ్యకు హైమా."

"తీస్తాను," అంది. కిటికీ వైపు తిరిగింది. "ఒకరోజు నాకే వస్తుందేమో కదా. ఇక్కడ ఈ పెట్టెలో ఉన్నవి అన్నీ పాతవే. అన్నీ నాకు కంఠతా వచ్చు. అక్కడ కొత్త మాటలు మాట్లాడుతోంది. దొంగ మాటలే. ఎక్కడో ఒకచోట మాట్లాడుతోంది కదండీ."

అతనికి కోపం రావలసింది. రాలేదు.

"దాని గొంతుతో జనాన్ని దోచుకుంటున్నారు."

"తెలుసు. తెలిసే రోజూ చెబుతున్నాను ఆ వాక్యం. నేను అబద్ధం ఆడుతున్నానని మీ పట్టీకి తెలిసిపోతోంది. మీకు మాత్రం అనిపించదా?"

"ఏమిటి?"

"వినాలని."

మర్నాడు ప్రయోగశాలలో అందరూ భోజనానికి వెళ్ళాక అతను తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. అతని ఒప్పుకోలు చట్టానికి అక్కరలేదు, తల్లిదే లెక్క. అయినా ఆ వాక్యాన్ని తన నోటితో పలికాడు. తనకు అది కావాలనే అతను నమ్ముతున్నాడు. ఆ గొంతు ఆగిపోవాలి, దొంగల నోట్లోంచి తన పిల్ల బయటపడాలి, అదే న్యాయం. వాక్యం పూర్తయింది. అతను మణికట్టు మీద రెండో చెయ్యి వేసుకుని వేచి ఉన్నాడు. కిందనుంచి జోసెఫ్ ఎవరినో పలకరిస్తున్నాడు. పట్టీ గాజులా చల్లగా ఉంది.

ఆ సాయంత్రం అతను మొదటిసారి కూర తరిగే వేళకు ఇంటికి వచ్చాడు. హైమ పక్కన నిలబడ్డాడు. పెట్టె ఎక్కాలు వినిపించింది. ఎనిమిది తొమ్మిదులు డెబ్బై నాలుగు దగ్గర ఇద్దరూ తల పైకెత్తారు, ఒకరినొకరు చూసుకోలేదు.

"నాదీ వెచ్చబడలేదు," అన్నాడతను.

హైమ కత్తి పక్కన పెట్టింది. అతని చేతికి వంకాయ ఇచ్చి, "ముచ్చికలు తియ్యండి," అంది.

*

మోసపోయినవాళ్ళలో ఒకామెను చూడాలని హైమే అడిగింది. జాలిపడి కాదు. ఆ సంగతి దారిలో కారులో తనే చెప్పింది. "ఆవిడతో ఉప్పి ఏం మాట్లాడిందో అడగాలి. మీరేమైనా అనుకోండి."

భానుమూర్తి ఏమీ అనుకోలేదు. అతను వినడానికే వస్తున్నాడు.

ఆమె పేరు నూకరత్నం. భీమిలి దాటాక ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఆ పిల్ల గొంతు అడిగితే ఇంటి పట్టా మీద ఒప్పుకోలు ఇచ్చింది. నెల తిరగకుండా ఆ ఇల్లు ఇంకెవరి పేరుకో మారిపోయింది. ఇప్పుడు చెల్లెలి ఇంటి వసారాలో ఉంటోంది. ఎండబెట్టిన చేపల వాసన, దూరంగా సముద్రం హోరు. వీళ్ళను చూసి మంచం మీది బట్టలు పక్కకు తోసింది.

"రండమ్మా, కూకోండి. పోలీసోల నుంచా?"

"కాదు," అంది హైమ. "మీకు ఫోను చేసిన పాప..."

"ఆ పిల్లా." నూకరత్నం ముఖంలో కోపం రాలేదు. "నాను బడిలో రోజూ వందమంది పిల్లల్ని సూత్తానమ్మా. ఈ పిల్ల అడిగినట్టు ఏ పిల్లా అడగదు. ఇల్లు పోనాది, నిజివే. మా సెల్లి ఒకటే తిట్టడం, బుర్రుందా నీకని. బుర్రెందుకు నేదు. అడిగింది పిల్ల కదా, నానెలా కాదంటాను?"

"ఏం మాట్లాడింది?"

"నాను సెప్పడమెందుకు, నీకే ఇనిపిత్తాను. ఫోన్లోనే ఉంది. తీసెయ్యబుద్ది కాలేదు." కాస్త సిగ్గుపడింది. "అప్పుడప్పుడు ఇంటాను కూడా. మా సెల్లికి సెప్పకండి."

హైమ చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. నూకరత్నం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఫోనులో వెతికి, నొక్కి, ముగ్గురి మధ్యా మంచం మీద పెట్టింది.

"అమ్మా, ఒకటి అడగనా?" అంది ఉప్పి.

భానుమూర్తి ఫోను వైపు వంగాడు. ఆ మాట తను నేర్పినది. ఉప్పి మూడేళ్ళప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళ కళ్ళజోళ్ళు లాగేస్తుంటే, ఏది కావాలన్నా ముందు అడగాలమ్మా, అడగవచ్చా అని కూడా అడగాలి, వాళ్ళు సరే అన్నదాకా ఆగాలి అని నేర్పాడు. తన ఉద్యోగాన్ని ఆటలా చేసి కూతురికిచ్చాడు. ఉప్పి దాన్ని పట్టుకుంది. మంచినీళ్ళు కావాలన్నా ఒకటి అడగనా అనేది. అని, జవాబు కోసం ఒంటికాలి మీద నిలబడేది. హైమ పనిలో పడి మరిచిపోతే అలాగే నిలబడి ఉండేది. ఇంకా ఇక్కడే ఉన్నావా తల్లీ అంటే, నువ్వు అడుగు అనలేదుగా అనేది.

ఫోనులో నూకరత్నం గొంతు "అడుగు త..." అంటుండగానే ఆ మాట మీదుగా ఉప్పి గొంతు సాగిపోయింది. "కొత్త రూల్ వచ్చింది కదా, మీ ఇంటి కాగితాలు భద్రంగా ఉండాలంటే నువ్వు ఒప్పుకోవాలమ్మా. ఒప్పుకుంటావు కదూ? నువ్వు ఒప్పుకుంటే నాకు బోలెడు సంతోషం." మధ్యలో నూకరత్నం ఏవో అడగబోయింది. ఏ మాటకూ ఆ గొంతు ఆగలేదు.

అయిపోయింది. 

"మళ్ళీ పెట్టండి," అంది హైమ. "మొదటిది మాత్రం."

అమ్మా, ఒకటి అడగనా, అంది ఫోను. అడుగు త. కొత్త రూల్ వచ్చింది కదా.

"మళ్ళీ."

ఆ తరువాత హైమ తనే చెయ్యి చాపి ఫోను ఆపేసింది. భర్త వైపు తిరిగింది.

"ఆగలేదు," అంది. "ఉప్పి ఆగేది."

నూకరత్నం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "మీ పిల్లా?"

హైమ తల ఊపింది.

"ఎంత సక్కటి గొంతమ్మా. ఏం సదువుతంది?"

హైమ భర్త వైపు చూసింది. "లేదమ్మా," అన్నాడు భానుమూర్తి.

 నూకరత్నం లేచి లోపలికెళ్ళి, చెల్లెలు దాచుకున్న బిస్కెట్లు పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, హైమ తినేదాకా అక్కడే నిలబడింది. వెళ్ళేటప్పుడు తన ఫోను నంబరు హైమకిచ్చింది. ఎందుకో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

*

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వంటింటి గచ్చు మీద ఉంది. హైమ కాళ్ళు కడుక్కుని వచ్చి, పెట్టెను ఫ్రిజ్ మీదనుంచి దించి బల్ల మీద పెట్టి, పైన పేరుకున్న దుమ్ము కొంగుతో తుడిచింది. భానుమూర్తి ఎదురుగా కూర్చున్నాడు.

"పీతలది పెట్టు," అంది పెట్టెతో.

కుళాయి చప్పుడు వినబడింది, రెండేళ్ళ నాటి కుళాయి. గిన్నెలు. తరువాత, "అమ్మా, ఒకటి అడగనా?"

కుళాయి పారుతూనే ఉంది. ఎక్కడో ఆటో హారను. స్టవ్ మీద ఏదో మూత తుళ్ళుతోంది. అప్పటి హైమ వినలేదు. ఉప్పి మళ్ళీ అడగలేదు. ఒక చిన్న కాలు గచ్చు మీద మారిన చప్పుడు, రెండో కాలి మీదకి. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగో ఇన్నిసార్లు విన్నా హైమ ఎప్పుడూ గమనించలేదు. ఎప్పుడూ పీతల కోసమే వింది.

"అడుగమ్మా," అంది పెట్టెలోని హైమ చివరికి.

"పీతలు నిద్రపోతాయా?"

హైమ పెట్టె మీద చెయ్యి పెట్టింది. అది ఆగింది. ఆమె దాని మీదికి కొంచెం వంగి, నిద్రపోతున్న పిల్లతో మాట్లాడినంత నెమ్మదిగా అంది.

"ఉప్పీ, ఒకటి అడగనా?"

అని, ఆగింది.

పెట్టెకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఏమీ అనలేదు. భానుమూర్తి కదలకుండా కూర్చున్నాడు. ఎండ గచ్చు మీదనుంచి బల్ల కాలి దాకా జరిగింది. హైమ అలాగే వంగి ఉంది, జవాబు వచ్చేదాకా ఉండటం నేర్చుకున్న మనిషిలా. ఆమె భుజాలు మెల్లగా దిగడం అతను చూశాడు. ఎన్నో మణికట్ల మీద యంత్రాలు పెట్టి వెతికిన ఆ సడలింపును అతను మొదటిసారి కళ్ళతో చూశాడు. చూడకుండా ఉంటే బాగుండుననుకున్నాడు.

అప్పుడు హైమ ఆ వాక్యం చెప్పింది.

అతను అడగలేదు. ఆమే చెయ్యి చాపి అతని అరచేతిలో పెట్టింది. పట్టీ వెచ్చగా ఉంది, జ్వరం తగ్గుతున్న పిల్ల నుదురులా.

పెట్టె ముందు భాగంలో చిన్న దీపం ఒకటి వెలిగి ఆరింది. అంతకు మించి ఏ చప్పుడూ లేదు. కాసేపటికి హైమ లేచి, "ఉప్పి మాటలు పెట్టు," అంది. అలవాటు. పెట్టె తన సొంత గొంతుతో, ఆ పేరు మీద ఏమీ లేవని చెప్పింది.

వాళ్ళు దీపం వెయ్యకుండానే కూర్చున్నారు. వీధిలో ఇడ్లీ బండివాడు గరిటె మోగిస్తున్నాడు. హైమ ఫోను మోగింది. తెలియని నంబరు కాదు. ఆమె వెంటనే తియ్యలేదు. నాలుగు రింగులు మోగనిచ్చి తీసింది.

"అమ్మా, నాను, నూకరత్నాన్ని. పడుకునే ముందొకసారి ఇందామని పెడితే నా ఫోన్లో పిల్ల మాటాడట్నేదు. నా మాటలున్నాయి, పిల్లవి నేవు. నానేదైనా తప్పు నొక్కేసేనేటో."

హైమ రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది.

"మీరేం తప్పు నొక్కలేదమ్మా," అంది. "నిద్రపోయింది."

అవతల సముద్రం హోరు చాలాసేపు వినిపించింది.

"అలాగా తల్లీ," అంది నూకరత్నం. "అయితే లేపకండి."